దయచేసి నాకు ఇమ్యూనిటీ పెంచుకోమని చెప్పకండి

నిన్న మళ్ళీ ఒకావిడ అదే మాట అన్నారు. "నీకు ఇమ్యూనిటీ తక్కువైనట్టుందమ్మా, పెంచుకోవాలి" అని. మంచి మనసుతోనే అన్నారు కాబట్టి అక్కడ ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు.

తొమ్మిదేళ్ళుగా నాకు ల్యూపస్. ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బు కాదిది. ఆ ఇమ్యూనిటీకే నేనెవరో గుర్తు తెలియక వచ్చింది. క్రిముల మీద చూపించాల్సిన ప్రతాపం నా కీళ్ళ మీద, చర్మం మీద, ఒకసారి కిడ్నీల మీద కూడా చూపించింది. రోజూ నేను వేసుకునే మందులు దాన్ని అణచడానికే. అలాంటి నా చేతిలో "ఇమ్యూనిటీకి మంచిది" అంటూ ఏదో పొడి పెడితే నేనేం చేయాలి?

జబ్బు పేరు తెలియడానికే నాకు రెండేళ్ళు పట్టింది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి గ్లాసు పట్టుకోలేకపోయేదాన్ని. చూసినవాళ్ళంతా "పైకి బాగానే ఉన్నావుగా" అనేవారు. ఒక డాక్టరు గారైతే టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపేశారు. ల్యూపస్ వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఆడవాళ్ళే. నొప్పి అని ఆడమనిషి చెప్తే ముందు మనసులో ఏదో ఉందనుకునే అలవాటు పోనంతకాలం, మాలాంటివాళ్ళకి ఆ ఏళ్ళు అలా వృథా అవుతూనే ఉంటాయి.

ఇంకో కోపం కూడా ఉంది, ఇన్నేళ్ళైనా పోలేదు. 2020లో కోవిడ్‌కి పనిచేస్తుందని హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం జనం ఎగబడ్డారు. అది నేను రోజూ వేసుకునే మాత్ర. కోవిడ్‌కి అది పనిచేయదని తర్వాత తేలింది. ఈలోపు నాలాంటివాళ్ళం మాత్రలు లెక్కపెట్టుకుంటూ బతికాం.

మా అబ్బాయిది మరో కథ. వాడికి వేరుశెనగ అలర్జీ. నా ఒళ్ళు నన్నే పరాయిదనుకుంటే, వాడి ఒళ్ళు ఒక పప్పుగింజను శత్రువనుకుంటుంది. వాడు పుట్టినప్పుడు నాకు అందరూ చెప్పింది ఒకటే, మూడేళ్ళ దాకా వేరుశెనగ పెట్టొద్దని. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం అలర్జీ ముప్పు ఉన్న పిల్లల కోసం 2000లో ఇచ్చిన ఆ సలహాను 2008లోనే వెనక్కి తీసుకుంది, కానీ జనం నోళ్ళలో నుంచి అది పోలేదు. 2015లో లండన్‌లో గిడియన్ ల్యాక్ బృందం, అలర్జీ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లలతో చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. వేరుశెనగ అసలు పెట్టనివాళ్ళతో పోలిస్తే, చిన్నప్పటి నుంచీ క్రమం తప్పకుండా తిన్నవాళ్ళలో అలర్జీ రావడం దాదాపు 80 శాతం తగ్గింది. అది చదివిన రోజు నేను ఏడ్చాను. వాడికి మంచిదనుకునే కదా దూరంగా పెట్టాను!

అలాగని ఇప్పటికే అలర్జీ ఉన్న పిల్లాడికి ఇంట్లో ప్రయోగాలు చేయకండి, దండం పెడతాను. వాడికి ఏడేళ్ళప్పుడు బాగా దగ్గరివాళ్ళే "కొంచెం కొంచెం తింటే అలవాటవుతుంది" అని ఒక ముక్క పెట్టారు. పది నిమిషాల్లో పెదవులు వాచిపోయి ఊపిరి అందలేదు. వాడి తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పొడిచేటప్పుడు నా చేతులు వణికిన వణుకు ఇంకా నాకు గుర్తే. కొద్దికొద్దిగా అలవాటు చేసే చికిత్స నిజంగానే ఉంది, కానీ అది డాక్టర్ల కళ్ళెదుట, కొలిచిన మోతాదుల్లో జరగాలి. పొరపాటున తిన్నా ప్రాణం మీదకు వచ్చే ముప్పు తగ్గించేందుకు ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కి కూడా 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది తీసుకున్నా తినకూడనిది మానాల్సిందే.

మా ఇద్దరికీ కావాల్సింది డాక్టర్లు టాలరెన్స్ అనేది, అంటే ఓర్పు. మన ఒంట్లో ఆ ఓర్పును కాపాడే కణాలు కొన్ని ఉన్నాయి, వాటిని రెగ్యులేటరీ టీ కణాలంటారు. మిగతా కణాలు రెచ్చిపోతుంటే బ్రేకు వేసేది ఇవే. 1995లో జపాన్‌లో షిమోన్ సకగుచి వీటిని చూపించారు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 అనే జీన్ చెడితే ఏమవుతుందో కనిపెట్టారు. ఆ జీన్ ఈ కణాలకు ఎంత అవసరమో తర్వాత తేలింది. 2025 నోబెల్ ఈ ముగ్గురికీ వచ్చింది. ఆ వార్త విని మా అబ్బాయిని గట్టిగా పట్టుకున్నాను.

నేను ఆశ పెట్టుకున్నది మాత్రం జర్మనీలోని ఎర్లాంగెన్‌లో జరుగుతున్న పని మీద. క్యాన్సర్ కోసం తయారైన కార్-టీ చికిత్సను అక్కడ 2021లో ల్యూపస్ ఉన్న ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయికి ఇచ్చారు. 2024లో మొత్తం 15 మంది ఫలితాలు ప్రచురించారు. అందులో ల్యూపస్ ఉన్న ఎనిమిది మందికీ జబ్బు అణిగింది, ఇమ్యూనిటీని అణచే మందులన్నీ ఆపేశారు. మందులన్నీ ఆపేశారు! తొమ్మిదేళ్ళుగా స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బి, ఎముకల గురించి భయపడుతూ బతికే మనిషికి ఆ వాక్యం ఎలా వినిపిస్తుందో చెప్పలేను. తేలికైన చికిత్సేం కాదు. మన కణాలే తీసి, ల్యాబ్‌లో మార్చి, కీమో ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. పదిహేను మంది అంటే చాలా తక్కువ మంది అని కూడా తెలుసు.

అయినా చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ మా డాక్టరు గారిని దాని గురించే అడుగుతాను. ఆవిడ ఓపిగ్గా విని, "వస్తుందమ్మా, అప్పటిదాకా మాత్రలు మాత్రం మానొద్దు" అంటారు. మానను.