విద్యార్థుల్ని తగ్గిస్తే అద్దెలు తగ్గుతాయా?

అమెరికా కాలేజీ ఊళ్ల గురించి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "యూనివర్సిటీలు ఫీజుల కోసం ఎడాపెడా సీట్లు పెంచేస్తున్నాయి. వచ్చిన విద్యార్థులు, అందులోనూ విదేశీయులు, ఊళ్లో ఇళ్లన్నీ ఆక్రమించి, పేదల కోసం కట్టిన చౌక ఇళ్లు కూడా ఎగరేసుకుపోతున్నారు. కొత్తగా లేచేవన్నీ లగ్జరీ అపార్ట్‌మెంట్లే, వాటితో అద్దెలు ఇంకా పెరుగుతాయి. పైగా యూనివర్సిటీ పన్ను కట్టదు. సీట్లు తగ్గిస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి."

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇంతగా తిరుగుతోంది. ముందు నిజం బొత్తిగా లేని ముక్క చూద్దాం.

పేదల ఇళ్లు విద్యార్థులు ఎగరేసుకుపోతున్నారట. అమెరికాలో తక్కువ ఆదాయం వాళ్లకు కట్టే కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం 1986లో మొదలైన టాక్స్ క్రెడిట్ పథకం (చౌక ఇళ్లు కట్టేవాళ్లకు పన్ను రాయితీ) కింద కట్టేవే. ఇంట్లో ఉండేవాళ్లంతా ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే ఆ ఇల్లు వాళ్లకు ఇవ్వకూడదని ఆ చట్టంలోనే ఉంది. పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్నవాళ్లు, ఉమ్మడిగా టాక్స్ రిటర్న్ వేసే దంపతులు, ఫోస్టర్ కేర్‌లో పెరిగినవాళ్లు, ఇలా కొద్దిమందికే మినహాయింపు. అద్దె సాయం ఇచ్చే సెక్షన్ 8లోనూ 2005లో తలుపు బిగించారు: ఇరవై నాలుగేళ్లు నిండని, పెళ్లికాని, పిల్లల్లేని విద్యార్థి దరఖాస్తు చేస్తే సాధారణంగా తల్లిదండ్రుల ఆదాయం కూడా చూస్తారు. ఇక ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫెడరల్ అద్దె సాయానికి ఏ వలస హోదాలవాళ్లు అర్హులో 1980 చట్టంలోని సెక్షన్ 214 చెబుతుంది. ఆ జాబితాలో విద్యార్థి వీసా లేదు.

నన్నడిగితే ఈ నిబంధనల వల్ల ఇబ్బంది నిజంగా పేదలైన విద్యార్థులకే. పగలు క్లాసులు, రాత్రి షిఫ్టులు చేసుకుంటూ, తనలాగే ఫుల్‌టైమ్ చదువుతున్న స్నేహితుడితో కలిసి ఉంటున్న ముప్ఫయ్యేళ్ల పేద విద్యార్థికి కూడా టాక్స్ క్రెడిట్ ఇళ్ల తలుపు మూసుకుంటుంది. మరి ఈ అపోహ ఎక్కడ పుట్టింది? పేదరికం లెక్కల్లో సెన్సస్ వాళ్లు డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో, ఉండేవాళ్లను కలపరు గానీ, బయట అద్దెకుండే విద్యార్థుల్ని కలుపుతారు. నాన్న పంపే డబ్బుతో బతికే కుర్రాడు కూడా కాగితం మీద పేదవాడే. దాంతో కాలేజీ ఊళ్లో పేదరికం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చూసినవాళ్లు సాయం కూడా వీళ్లకే పోతోందనుకుంటారు.

సీట్లు తగ్గించాలన్న మాటకు వద్దాం. ఇది ఊహించి తేల్చుకోవాల్సిన పని లేదు, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో దాదాపు జరిగినంత పనైంది. విద్యార్థులు పెరిగితే పర్యావరణం మీద పడే ప్రభావాన్ని సరిగ్గా అంచనా వెయ్యలేదని స్థానికుల సంఘం ఒకటి యూనివర్సిటీ మీద కేసు వేసింది. 2021లో కోర్టు విద్యార్థుల సంఖ్యను 2020-21 నాటి స్థాయి దగ్గర, అంటే 42,347 దగ్గర ఆపెయ్యమంది. 2022 మార్చి 3న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా స్టే ఇవ్వలేదు. అప్పటికి మూడు వేలకు పైగా సీట్లు కోత పడే పరిస్థితి. మార్చి 14 కల్లా శాసనసభ చట్టం మార్చేసి కోత ఆపింది. ఆ మూడు వేల మందిలో ఎక్కువమంది ఆ రాష్ట్రపు పిల్లలే అయ్యుండేవాళ్లు. మెసేజ్ రాసినాయనకు కనిపించేది విదేశీయులొక్కరే.

ఆ ఊరి చరిత్ర కాస్త వెనక్కి తిప్పితే అసలు విషయం బయటపడుతుంది. ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఒకే ఇల్లు అనే జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో నగరం పెట్టే నియమం) అమెరికాలో మొదట వచ్చిన చోట్లలో బర్క్‌లీ ఒకటి, అది 1916 నాటి మాట. ఆ పద్ధతికి స్వస్తి పలకాలని నగర కౌన్సిల్ తీర్మానించేసరికి 2021 వచ్చింది. వందేళ్లపాటు ఊళ్లో చాలా భాగంలో రెండో ఇల్లు లేవకుండా చూసుకుని, ఇప్పుడు ఇళ్లు చాలట్లేదు, విద్యార్థులే కారణం అంటే ఎలా? ఆ ఊళ్లోనే పీపుల్స్ పార్క్ అనే తన స్థలంలో యూనివర్సిటీ సుమారు 1,100 మందికి డార్మ్ కట్టబోతే, విద్యార్థుల గోల కూడా పర్యావరణ సమస్యే, దాన్నీ అంచనా వెయ్యాలని 2023లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. మళ్లీ చట్టం మార్చాల్సొచ్చింది. 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపాక గానీ ఆ చిక్కు వీడలేదు. విద్యార్థులు ఎక్కువయ్యారని ఒక కేసు, వాళ్లకు గదులు కట్టబోతే గోల అవుతుందని ఇంకో కేసు.

యూనివర్సిటీ తప్పేమీ లేదని నేననడం లేదు. తన విద్యార్థుల్లో చాలా తక్కువ మందికే బస కల్పిస్తూ సీట్లు పెంచుకుంటూ పోయింది. తిలా పాపం తలా పిడికెడు.

కాలిఫోర్నియాలోనే ఇంకో కాలేజీ ఊరు డేవిస్‌ది ఇంకో తీరు. ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో ఇళ్లు కట్టాలంటే ప్రజలు ఓటేసి ఒప్పుకోవాలని 2000లో నిబంధన పెట్టుకున్నారు. 2005లో ఒక పెద్ద ప్రాజెక్టు ఓడింది, 2009లో ఇంకొకటి. క్యాంపస్ పక్కనే ఉన్న నిషి స్థలం 2016లో ఓడి, విద్యార్థుల ఇళ్ల ప్రాజెక్టుగా మారాక 2018లో గెలిచింది. ఆ ఓటింగుల్లో ఓటు ఉన్నవాళ్లు ఊళ్లో ఉన్నవాళ్లే. ఇల్లు దొరక్క ఊరి బయటే ఆగిపోయినవాడికి ఓటు లేదు.

మెసేజ్‌లో కొంత నిజం ఉందన్నాను. నలుగురు విద్యార్థులు నాలుగు గదుల ఇల్లు తీసుకుంటే నాలుగు చోట్ల నుంచి అద్దె వస్తుంది. ఒకటో రెండో జీతాల మీద బతికే కుటుంబం దానితో పోటీ పడలేదు. కాబట్టి క్యాంపస్ చుట్టుపక్కల పాత ఇళ్ల యజమానులు విద్యార్థుల వైపే మొగ్గుతారు, బడికెళ్లే పిల్లలున్నవాళ్లు దూరం జరుగుతారు. ఇది జరుగుతున్నదే.

అయితే దీనికి చాలా ఊళ్లు కనిపెట్టిన మందు రోగాన్ని ఇంకాస్త పెంచింది. బంధుత్వం లేనివాళ్లు ఇంతమందికి మించి ఒకే ఇంట్లో ఉండకూడదన్న నిబంధన అది. న్యూయార్క్‌లో స్టోనీ బ్రూక్ దగ్గరి బెల్ టెర్ అనే చిన్న ఊరు ఆ లెక్కను ఇద్దరికి కట్టేసింది. ఒకే ఇల్లు అద్దెకు తీసుకున్న ఆరుగురు విద్యార్థుల వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1974లో కోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది. కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ నిబంధనకైతే "నువ్వు, ఇంకో ఇద్దరు" అనే పేరే స్థిరపడింది. లెక్క వేసి చూడండి. ఆరుగురు ఒక ఇంట్లో సర్దుకోవాల్సింది, ముగ్గురి పరిమితి పెడితే రెండిళ్లు కావాలి, ఇద్దరి పరిమితి పెడితే మూడు. కుటుంబాలకు మిగలాల్సిన ఇళ్లను విద్యార్థుల చేత తీయించింది ఈ రూలే. బంధుత్వాన్ని బట్టి ఇలా లెక్క పెట్టడాన్ని కొలరాడో 2024లో రాష్ట్రమంతా రద్దు చేసింది.

సరైన మందు క్యాంపస్ పక్కనే గదులు పెంచడం. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం 2004లో యూనివర్సిటీకి పడమటి పక్కనున్న వెస్ట్ క్యాంపస్‌లో ఎత్తయిన భవనాలకు అనుమతిచ్చి, బదులుగా కొన్ని గదులు తక్కువ అద్దెకు ఇవ్వాలని షరతు పెట్టింది. విద్యార్థి నడిచి క్లాసుకెళ్లే దూరంలో గది దొరికితే దూరపు వీధిలో మూడు గదుల ఇంటి కోసం వెతకడు.

అవన్నీ లగ్జరీయే కదా అంటారు. కొత్తది ఎప్పుడూ ఖరీదే. కొత్త భవనంలోకి వెళ్లినవాడు పాత ఇల్లు ఖాళీ చేస్తాడు, అందులోకి ఇంకొకడు వస్తాడు, వాడిది ఖాళీ అవుతుంది. అమెరికా నగరాల్లో ఈ గొలుసును లెక్కగట్టిన ఆర్థికవేత్త ఎవన్ మాస్ట్ అంచనా ప్రకారం, మార్కెట్ ధరకు కట్టిన ప్రతి వంద కొత్త ఇళ్లకు, సగటు కంటే తక్కువ ఆదాయముండే ప్రాంతాల్లో 45 నుంచి 70 ఇళ్లు ఖాళీ అవుతాయి. దానికి కొంత కాలం పడుతుంది, మరీ పేదవాళ్ల దాకా అది సరిపోదు కూడా. వాళ్లకు ప్రభుత్వ డబ్బే కావాలి. మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ ఓటర్లు 2020లో చేసింది అదే: పన్ను విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలర్ చొప్పున ఇరవయ్యేళ్లపాటు చౌక ఇళ్లకు కడతామని ఒప్పుకున్నారు. కొలరాడోలోని బౌల్డర్ కొత్త ప్రాజెక్టుల్లో చౌక ఇళ్లకు పాతిక శాతం వాటా అడుగుతుంది, మంచిదే. కానీ 1971 నుంచి భవనం 55 అడుగులు దాటకూడదన్న నియమం కూడా ఆ ఊళ్లోనే ఉంది. కట్టేదే తక్కువైనప్పుడు అందులో పాతిక శాతం ఎంతని?

పన్ను విషయం నిజం. చదువుకు వాడే యూనివర్సిటీ ఆస్తులకు ఆస్తి పన్ను ఉండదు. ఊళ్లు అడిగితే కొన్నిచోట్ల స్వచ్ఛందంగా ఇస్తారు: యేల్ 2021లో న్యూ హేవెన్‌కు ఆరేళ్లలో 13.5 కోట్ల డాలర్లు ఒప్పుకుంది, కార్నెల్ 2023లో ఇథాకాకు ఏటా 40 లక్షలు. అడగాల్సిందే, ఇంకా గట్టిగా అడగాలి. కానీ సీట్లు తగ్గించినంత మాత్రాన ఈ ఖాతాలో ఒక్క డాలరు కూడా పెరగదు.

యూనివర్సిటీని అడగడానికి డబ్బు కంటే స్థలం గట్టి పట్టు. కాలిఫోర్నియా యూనివర్సిటీ తన స్థలంలో తన విద్యార్థులకు కట్టుకుంటే నగర జోనింగ్ అడ్డు రాదు. దాని శాంటా బార్బరా క్యాంపస్ 2010 ప్రణాళికలో విద్యార్థులు పెరిగేకొద్దీ 5,000 పడకలు కడతానని మాటిచ్చింది. విద్యార్థులు వచ్చారు, పడకలు చాలావరకు రాలేదు. మధ్యలో ఒక దాత డబ్బుతో 4,500 మందికి, చాలా గదులకు కిటికీలే లేని భవనం కడదామని బయల్దేరి (ఆ ఆలోచన ఎవరికి ముద్దొచ్చిందో గానీ), 2023లో దాన్నీ వదిలేశారు. పక్కనున్న గొలీటా నగరం అంతకుముందే కోర్టుకెళ్లింది. అది ప్రధానంగా అడిగింది ఆ పడకలే.