ఫోన్ వణికితే మనసు తెలుస్తుందా?

"సరే." చాట్‌లో ఇంత పొట్టి జవాబు వస్తే ఎన్ని అనుమానాలో. నిజంగానే ఒప్పుకున్నారా, విసుగొచ్చి వదిలేశారా, కోపం దిగమింగుకున్నారా? ఎదురుగా ఉంటే గొంతు చెప్పేస్తుంది. అక్షరాలకు గొంతు లేదు. అసలు చిక్కు ఏమిటంటే, రాసినవాళ్లకు ఈ సంగతి తట్టదు. టైప్ చేస్తున్నంతసేపూ వాళ్లకు తమ గొంతు లోపల వినిపిస్తూనే ఉంటుంది. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ప్రచురించిన ఈమెయిల్ ప్రయోగాల్లో, తమ మాట వెటకారమో కాదో అవతలివాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా పట్టేస్తారని రాసినవాళ్లు అనుకున్నారు. పట్టగలిగింది 56 శాతమే. బొమ్మాబొరుసు వేసి చెప్పినా 50 వస్తుంది.

ఈ లోటు తీర్చడానికే 1982లో కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్‌మన్ కోలన్, గీత, బ్రాకెట్ కలిపి నవ్వుముఖం గుర్తును సూచించారు. తర్వాత ఎమోజీలొచ్చాయి, వాడివాడి అరిగిపోయాయి కూడా. కళ్లనీళ్లు కారేలా నవ్వే బొమ్మ పంపిన మనిషి ఆ క్షణంలో పెదవి కూడా కదపకపోవచ్చు. అందుకే ఇప్పుడు కొందరి ఆశ స్పర్శ మీద. ఫోన్‌లో వైబ్రేషన్ మోటారు ఎలాగూ ఉంది, మెసేజ్‌తో పాటు భావాన్ని కూడా చేతికి తగిలేలా పంపితే పోలేదా అంటారు.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. 2006లో మాథ్యూ హెర్టెన్‌స్టీన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తెర అవతల ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి ముంజేతిని తాకితే, అది కోపమో, భయమో, అసహ్యమో, ప్రేమో, కృతజ్ఞతో, సానుభూతో 48 నుంచి 83 శాతం మంది చెప్పగలిగారు. కానీ అక్కడ తాకింది చెయ్యి. నిమిరింది, నొక్కింది, పట్టుకుంది, వెచ్చగా ఉంది. ఫోన్‌లోని మోటారుకు వీటిలో ఒక్కటీ చేతకాదు.

పైగా అది పలకరించే నాడులే వేరు. మన చర్మంలో సీ-టాక్టైల్ అనే సన్నని నాడులున్నాయి. ఒంటి వెచ్చదనంతో, సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. లాలనలోని హాయికీ వీటికీ దగ్గరి సంబంధం ఉంది. ఇవి ఎక్కువగా ఉండేది ముంజేయిలాంటి వెంట్రుకలున్న చర్మంలో. అరచేతిలో బహు అరుదు. మనం ఫోన్ పట్టుకునేదేమో అరచేత్తో! ఫోన్ వైబ్రేషన్ తగిలేది ముఖ్యంగా చర్మం లోతున ఉండే పాసీనియన్ కణికలకు. సెకనుకు 250 సార్లకు దగ్గరగా ఉండే కంపనాలను అవి ఇట్టే పసిగడతాయి. ఏదో కదిలిందని చెప్పడం వాటి పని, ఎవరో ఓదార్చారని చెప్పడం కాదు. ఇందులో ఇంజనీర్ల తప్పేమీ లేదు. వాళ్లు మోటారు పెట్టింది మనల్ని ఉలిక్కిపడేలా చేయడానికే.

మనస్తత్వవేత్త జేమ్స్ రస్సెల్ 1980లో భావాలను రెండు కొలతల మీద అమర్చి చూపారు. ఉద్రేకం ఎంత అన్నది ఒకటి, అది హాయా బాధా అన్నది రెండోది. వైబ్రేషన్ మొదటిదాన్ని బాగానే చేరవేస్తుంది, రెండోదాని దగ్గర తడబడుతుంది. ఆనందంతో గంతులేసినా, కోపంతో ఊగిపోయినా మోటారుకు తెలిసింది ఒకటే దడదడ. కాబట్టి కోపానికి ఒకటి, ప్రేమకు ఒకటి అంటూ రెడీమేడ్ వైబ్రేషన్లు ఇస్తామనే మాట నేను నమ్మను.

అలవాటైతే వస్తుంది కదా అనొచ్చు. నిజమే. ఫ్రాంక్ గెల్డార్డ్ 1957లో వివరించిన కంపనాల లిపిని బాగా సాధన చేసిన వ్యక్తి నిమిషానికి 38 పదాలు అందుకోగలిగాడు. అయితే అది మళ్లీ లిపే. అలకను చదవడానికి ఎవరు ట్యూషన్‌కు వెళతారు?

నాకు ఆశ కలిగించేవి భావానికి పేరు పెట్టని ప్రయత్నాలే. ఎంఐటీలో స్కాట్ బ్రేవ్, హిరోషి ఇషీ 1990ల చివర్లో చేసిన 'ఇన్‌టచ్' అనే పరికరంలో ఇక్కడ రోలర్లు తిప్పితే దూరాన ఉన్న రోలర్లూ తిరిగేవి, అంతే. 2015లో వచ్చిన ఆపిల్ వాచ్ గుండె చప్పుడును అవతలివాళ్ల మణికట్టుకు పంపింది. ఆ చప్పుడులో ఎవరూ ప్రేమా కోపమా అని వెతకరు. ఫలానా మనిషి ఈ క్షణంలో నన్ను తలుచుకున్నారన్నదే కబురు. మిగతా అర్థం ఆ ఇద్దరి మధ్య ముందే ఉంటుంది. రెండుసార్లు తడితే ఏమిటో వాళ్లే తేల్చుకుంటారు.

దీనికి పూర్తిగా ఎదురుదారి, మెసేజ్‌లోని భావాన్ని సాఫ్ట్‌వేరే ఊహించి దానంతటదే ఫోన్‌ను వణికించడం. మామూలుగా రాసిన "సరే"ను అది కోపంగా లెక్కేస్తే, రాసినవాళ్లకు తెలియకుండానే తగాదా మొదలవుతుంది. అనుమానం కంటే అబద్ధపు సాక్ష్యం ప్రమాదం.

ఇక, అందుకునేవాళ్ల ఇష్టం సంగతి. పాత చాట్ సాఫ్ట్‌వేర్లు యాహూ మెసెంజర్‌లో 'బజ్', ఎంఎస్ఎన్‌లో 'నడ్జ్' అని నొక్కితే అవతలివాళ్ల చాట్ విండో ఊగిపోయేది. కొన్నాళ్లు సరదా, ఆ తర్వాత న్యూసెన్స్. మాటనైతే తర్వాత చదువుదాంలే అని పక్కన పెట్టొచ్చు. స్పర్శ అలా కాదు, వద్దనేలోపే తగిలేస్తుంది. వేధించేవాడి చేతిలో అదొక కొత్త ఆయుధం. అందుకే ఈ సదుపాయం మొదట ఆఫ్‌లోనే ఉండాలి, ఎవరెవరికి అనుమతో ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వగలగాలి, ఎంత గట్టిగా తగలాలో అందుకునేవాళ్లే నిర్ణయించాలి. సున్నితంగా పంపిన వైబ్రేషన్ కూడా, ఫోన్ బల్ల మీద ఉంటే, గర్రుమని మోగుతుంది మరి.

చూపు లేనివారి విషయం వేరు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఎమోజీలను కూడా పేరు పెట్టి పైకి చదువుతుంది. వరుసగా అయిదు నవ్వుబొమ్మలుంటే వినేవారికి విసుగే. అక్కడ ఒక్క వైబ్రేషన్ ఆ ఉత్సాహం ఎంతో చెప్పేయగలదు. ప్రయోగాలు ముందుగా వారితో మొదలుపెట్టడం మేలు.