కండువాకు చట్టంలో చోటేదీ?

1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, చేర్చిన పెద్దలు అన్నీ ఆలోచించారు గానీ, కండువా సంగతి మరిచిపోయారు. పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే పదవి పోతుందన్నారు. మెడలో ఏ రంగు గుడ్డ ఎంతసేపుంటే వదులుకున్నట్టో మాత్రం రాయలేదు.

దీంతో మన ఎమ్మెల్యేలకు ఎంత కష్టమొచ్చిందో చూడండి. నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలవడానికి వెళతారు. ఎవరో మర్యాదకు మెడలో ఒకటి వేస్తారు. వద్దంటే బాగోదు. ఫొటోగ్రాఫర్ సరిగ్గా అప్పుడే అటుగా వస్తాడు. తెల్లారేసరికి అనర్హత పిటిషన్! అది పార్టీ కండువా కాదు, ఉత్త మూడు రంగుల శాలువా అని ఎంత మొత్తుకున్నా జనం నవ్వుతారు.

దానం నాగేందర్ గారు 2023లో బీఆర్‌ఎస్ టికెట్ మీద ఖైరతాబాద్‌లో గెలిచి, ఆ పదవిలో ఉండగానే 2024లో కాంగ్రెస్ టికెట్ మీద సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. పేరు పక్కన హస్తం గుర్తు ఉన్నంత మాత్రాన పార్టీ మారినట్టేనా? ఇలాంటివి నిదానంగా తేల్చాలి. సుప్రీంకోర్టుకేమో తొందర. కాంగ్రెస్‌లోకి వెళ్లారన్న పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న తెలంగాణ స్పీకర్‌కు చెప్పింది. అయిదేళ్ల పదవికి మూడు నెలల గడువా? ఎంత టెన్షన్!

కోర్టు మెట్లెక్కిన బీఆర్‌ఎస్‌కూ ఈ విద్య కొత్తేమీ కాదు. 2019 జూన్‌లో, అప్పటికింకా టీఆర్‌ఎస్, కాంగ్రెస్‌కున్న 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మందిని కలిపేసుకుంది. మూడింట రెండొంతులు సరిపోయాయి కాబట్టి చట్టం లెక్కలో అది ఫిరాయింపు కాదు, విలీనం. అదే నెలలో టీడీపీ రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. ఒక్కడు దూకితే గోడ, పన్నెండు మంది దూకితే గేటు. అంతకుముందు మూడో వంతు చీలితే చాలు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. పాపం, తోడు వెతుక్కోవడానికి ఎంత తిరగాలి!

అందుకని నాదొక సవరణ. ఎమ్మెల్యేలకు రెండు వైపులా వాడే కండువా ప్రభుత్వమే ఇవ్వాలి. ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకిస్తే నేతన్నలకు అయిదేళ్లూ పని. ఎవరైనా ఫిర్యాదు చేయదలిస్తే సదరు కండువాను ఎమ్మెల్యే మెడలోంచి స్వయంగా తీసి స్పీకర్‌కు అప్పగించాలి. ఉతక్కుండా.