ఆఖరి పాటతోనే ఆల్బం సంగతి తేలుతుంది

ఒక ఆల్బం మంచిదా కాదా అన్నది నేను ఆఖరి పాట విన్నాకే తేలుస్తాను. మొదటి పాట ఎవరైనా శ్రద్ధగానే చేస్తారు, వినేవాళ్లు లేచి వెళ్లిపోతారేమోనన్న భయం ఉంటుంది కాబట్టి. హిట్ పాట మూడో నాలుగో స్థానంలో వచ్చేస్తుంది. ఆ తర్వాత చెప్పడానికి ఏమైనా మిగిలిందా, ఊరికే చోటు నింపారా అన్నది చివర్లో బయటపడుతుంది. ఈ కొలతతో చూస్తే కొన్ని పెద్ద పేర్లు కూడా నా దగ్గర నిలబడవు. కోపం వస్తే రానివ్వండి.

1982 నాటి మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' సంగతే చూడండి. తొమ్మిది పాటల్లో ఏడు సింగిల్స్‌గా, అంటే విడిపాటలుగా కూడా వచ్చాయి. 'బిల్లీ జీన్' మొదట్లో డ్రమ్స్ ఒంటరిగా మోగుతుంటే బేస్ గిటార్ వచ్చి కలిసే ఆ అరనిమిషం గురించే ఒక పోస్టు రాయవచ్చు. అంతటి ఆల్బం 'ద లేడీ ఇన్ మై లైఫ్' అనే మెత్తని ప్రేమగీతంతో ముగుస్తుంది. సింగిల్‌గా రాని రెండింటిలో అదొకటి. గొంతుకు వంక పెట్టలేం, పాటా వినసొంపుగానే ఉంటుంది. కానీ దాన్ని తీసుకెళ్లి నాలుగో పాటగా పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. 'థ్రిల్లర్' గొప్ప పాటల మూట అంటాను. గొప్ప ఆల్బం అనడానికి మాత్రం నోరు రాదు.

తమాషా ఏమిటంటే, అదే 'థ్రిల్లర్'లోని 'హ్యూమన్ నేచర్' ముక్క మీద 1994లో ర్యాపర్ నాస్ తన 'ఇల్మాటిక్' ఆల్బం ఆఖరి పాట కట్టాడు. పది ట్రాకులు, దాదాపు నలభై నిమిషాలు, అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఆల్బం పొడవునా న్యూయార్క్‌లో తాను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ వీధులు, జైల్లో ఉన్న స్నేహితులకు ఉత్తరాలు, ఎప్పుడు మీద పడుతుందో తెలియని చావు. చివరికి వచ్చేసరికి తన ప్రతిభను తానే పొగుడుకుంటాడు. ర్యాప్‌లో సొంత గొప్పలు కొత్త కావు. ఇతను మాత్రం పని చూపించి, ఆ తర్వాత చెప్పుకున్నాడు. అందుకే చెల్లింది.

అదే ఏడాది వచ్చిన ఇంకో ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి. ఆల్బం 'రెడీ టు డై' పుట్టుకతో మొదలై 'సూసైడల్ థాట్స్'తో ఆగుతుంది. ఆ పాటంతా ఒక ఫోన్ సంభాషణ. ఇవతలి మనిషి తన బతుకంతా ఏకరువు పెడుతుంటాడు, అవతలి స్నేహితుడు వారిస్తుంటాడు. తుపాకీ పేలాక కూడా అవతలి గొంతు పిలుస్తూనే ఉంటుంది. అక్కడ ఆపేయాలి. తర్వాత ఏ పాట పెట్టినా తప్పే. మరి కంపెనీవాళ్లు ఏం చేశారు? కొన్నేళ్లకు మళ్లీ విడుదల చేస్తూ ఆ చావు వెనకాలే రెండు బోనస్ పాటలు తగిలించారు. ఇది చేసినవారు ఆల్బం ఒక్కసారైనా పూర్తిగా విన్నారా అని నాకు ఇప్పటికీ అనుమానం.

నా అసలు మంట ఈ డీలక్స్ జబ్బు మీదే, అదే ఆల్బానికి అదనపు పాటలు తగిలించి మళ్లీ అమ్మడం మీద. అడెల్ '21' చూడండి. మామూలు ఎడిషన్‌లో ఆఖరి పాట 'సమ్‌వన్ లైక్ యూ'. పియానో, గొంతు, అంతే. పది పాటల కోపం, ఏడుపు, పౌరుషం అయ్యాక వచ్చే ఆ ఓటమి ఒప్పుకోలు అక్కడే ఉండాలి. డీలక్స్‌లో ఆ వెంటనే ఇంకో పాట మొదలవుతుంది! టేలర్ స్విఫ్ట్ 2024లో 'ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్'ను పదహారు పాటలతో విడుదల చేసింది. పదహారోది 'క్లారా బో', మూకీ సినిమాల నాటి తార పేరు. కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయినీ పాత తారతో పోల్చే పరిశ్రమ మీద రాసిన పాట అది, చివర్లో ఆ పాత తార స్థానంలోకి తన పేరే వస్తుంది. ఆమె రాసిన ముగింపుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. రెండు గంటలు గడిచాయో లేదో, ఇంకో పదిహేను పాటలు వచ్చిపడ్డాయి. ఉత్తరం కింద సంతకం పెట్టేసి మళ్లీ పదిహేను పేజీలు రాసినట్టుంది. స్ట్రీమింగ్ లెక్కల్లో పాటలు పెరిగితే చార్టులో లాభమని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన చెవులు ఒప్పుకోవాలా?

ముగింపు విలువ తెలిసినవాడంటే ర్యాపర్ కెండ్రిక్ లమార్. 2017లో వచ్చిన 'డ్యామ్' ఆఖరి ట్రాకు 'డక్‌వర్త్'లో ఒక కథ చెబుతాడు. చికెన్ అమ్మే హోటల్‌ను దోచుకోవాలనుకున్న ఒకడికి, అక్కడ పనిచేసే ఒకాయన డబ్బు తీసుకోకుండా తినడానికి పెట్టి మంచి చేసుకుంటాడు. ఆ పనివాడు కెండ్రిక్ తండ్రి. దోచుకోవాలనుకున్నవాడు తర్వాత కెండ్రిక్‌ను పైకి తెచ్చిన సంగీత సంస్థ యజమాని. ఆ రోజు తుపాకీ పేలి ఉంటే ఈ ఆల్బమే లేదు. ఆ మాట అనగానే తుపాకీ మోగుతుంది, టేపు గిర్రున వెనక్కి తిరిగి మొదటి ట్రాకులోని మాట దగ్గర ఆగుతుంది. నాకు వెన్ను జలదరించింది. అదే ఏడాది పాటల వరుసను తలకిందులు చేసి ఇంకో ఎడిషన్ తెచ్చాడు, అదీ చక్కగా నిలబడింది. మరుసటి ఏడు దీనికి అమెరికాలో ఇచ్చే పులిట్జర్ సంగీత బహుమతి వచ్చింది. శాస్త్రీయ సంగీతానికీ జాజ్‌కూ బయట ఆ బహుమతి రావడం అదే మొదలు.

రేడియోహెడ్ బ్యాండ్ ఆల్బం 'ఓకే కంప్యూటర్'ను ప్రేమించేకంటే గౌరవిస్తాను. మధ్యలో ఆ కంప్యూటర్ గొంతు వాగుడు ఎప్పుడూ దాటేస్తాను. కానీ నెమ్మదించమని వేడుకునే 'ద టూరిస్ట్' చివర్న మోగే ఒక్క చిన్న గంట కోసం మిగతాదంతా క్షమించవచ్చు. నిర్వాణ బ్యాండ్ 'నెవర్‌మైండ్' సీడీలో 'సమ్‌థింగ్ ఇన్ ద వే' అయ్యాక పది నిమిషాల నిశ్శబ్దం, ఆపై దాచిపెట్టిన గోల. కుర్రచేష్ట.

నా సిద్ధాంతానికి ఎదురు నిలిచేది ఒక్క 'ఆబీ రోడ్' మాత్రమే. బీటిల్స్ 1969లో ముగ్గురు గిటార్లు అందుకుని, రింగో డ్రమ్స్ సోలో వాయించి, 'ది ఎండ్' అని పేరుపెట్టి మరీ ముగించారు. ఆ తర్వాత కొంత నిశ్శబ్దం, ఉన్నట్టుండి 'హర్ మెజెస్టీ'. ఇరవై మూడు సెకన్లు, ఆఖరి స్వరం కూడా తెగిపోయి ఉంటుంది. వద్దని పక్కన పెట్టిన ముక్కను, ఏదీ పారేయకూడదన్న నియమం కొద్దీ ఒక ఇంజనీరు టేపు చివర అతికించాడు. అది విని బీటిల్స్‌కు నచ్చి ఉంచేశారు. నాకూ నచ్చింది, ఎందుకో చెప్పలేను.

యాప్‌లవాళ్లను నేను అడిగేది ఒక్కటే. అసలు ఆల్బం ఎక్కడ అయిపోయిందో అక్కడ పాట ఆగిపోవాలి. బోనస్‌లు, రీమిక్స్‌లు, డెమోలు కావాలన్నవాళ్లు ఇంకో మీట నొక్కి వింటారు.