మందు ఊళ్లో, అదుపు ఢిల్లీలో

మిరపాకు ముడుచుకుందంటే రైతు నాలుగు ఆకులు తుంచుకుని నేరుగా పురుగుమందుల దుకాణానికి పోతాడు. కొట్టతను ఆకు తిప్పి చూసి బల్ల మీద రెండు సీసాలు పెడతాడు. ‘ఈ రెండూ కలిపి కొట్టు, నాలుగు రోజుల్లో తేరుకుంటుంది’ అంటాడు. డబ్బు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు, పంట అమ్మాక వడ్డీతో కడితే చాలు. సీసా మీద ఉన్నది అత్యంత విషమని చెప్పే ఎర్ర త్రికోణమో, ఓ మోస్తరు విషమని చెప్పే నీలం త్రికోణమో చెప్పేవారు లేరు. మర్నాడు ఆ మందును పుల్లతో కలిపి, కాళ్లకు చెప్పులైనా లేకుండా సాళ్లలో తిరిగేది కూలీ. సాయంత్రానికి తల తిరిగి వాంతులైతే ఎండదెబ్బ అనుకుని పడుకుంటాడు.

2021లో రసం పీల్చే నల్లతామర పురుగు ఖమ్మం, వరంగల్, గుంటూరు మిరప తోటల మీద పడ్డప్పుడు చూసింది ఇదే. ఒక మందు పనిచేయకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే రెండూ కలిపి. ఘాటు మందులు కొట్టేకొద్దీ ఆ పురుగును తినే మిత్ర పురుగులూ చచ్చాయి. నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి అని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. చాలామంది రైతులు అప్పటికే తోటలు పీకేశారు.

ఈ మొత్తం వ్యవహారంలో గ్రామ పంచాయతీకి చోటే లేదు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం మందును రిజిస్టర్ చేసేది కేంద్రం. దుకాణానికి లైసెన్సు ఇచ్చేదీ, నమూనాలు తీసేదీ రాష్ట్ర వ్యవసాయ శాఖ. ప్రాణాలకు ముప్పని తేలిన మందు అమ్మకాన్ని రాష్ట్రం తనంతట తాను ఆపగలిగేది 60 రోజులు, పొడిగిస్తే మరో 30. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయాక కూడా ఈ గడువు పెరగలేదు. రాష్ట్రం పరిస్థితే ఇదైతే సర్పంచి మాట ఎవరు వింటారు? కానీ రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవని రాసిన 29 అంశాల్లో మొట్టమొదటిది వ్యవసాయమే.

చట్టం చేయూత లేకుండానే పురుగుమందును ఆపి చూపిన ఊరు మన దగ్గరే ఉంది. ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, పాల్వంచ మండలంలోని పునుకుల. మందుల అప్పులతో చితికిన ఆ ఊరి పత్తి రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, జిగురు పూసిన పసుపు పళ్లాలు, పురుగును తమవైపు లాగేలా చేను చుట్టూ వేసిన ఆముదం మొక్కలతో పురుగును అదుపు చేశారు. మహిళా సంఘాలు ముందుండి నడిపించాయి. మందు ఖర్చయినా, మందు తెచ్చిన జబ్బయినా చివరికి పడేది ఆడవాళ్ల నెత్తినే కదా. 2004లో పంచాయతీ తీర్మానం చేసింది: మా ఊరికి పురుగుమందు వద్దు, డీలర్లు వచ్చి అమ్మొద్దు. ఆ తీర్మానాన్ని నిలబెట్టింది ఊరి కట్టుబాటు ఒక్కటే.

కెనడాలోని క్యూబెక్‌లో హడ్సన్ అనే చిన్న పట్టణం ఇళ్ల ముందు పచ్చికకు పురుగుమందు కొట్టకూడదని 1991లో నిబంధన పెట్టింది. మందు కొట్టే కంపెనీలు కోర్టుకెక్కాయి. 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు పట్టణం వైపే తీర్పు చెప్పింది. పచ్చిక అందం కోసం వాడే మందుకే అక్కడ ఊరి మాట చెల్లింది. మన దగ్గర తిండిగింజల మీద, కూలీల ఒంటి మీద పడే మందుకు చెల్లదా?

1968 చట్టం స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం 2020లో రాజ్యసభలో బిల్లు పెట్టింది. కొత్త చట్టం ఏ రూపంలో వచ్చినా గ్రామసభ వద్దన్న మందును ఆ ఊళ్లో అమ్మకుండా ఆపే అధికారం పంచాయతీకి ఉండాలని మేం కోరుతున్నాం. అందాకా ఆగాల్సిన పనీ లేదు. దుకాణానికి లైసెన్సు ఇచ్చే ముందు గ్రామసభ అభిప్రాయం తీసుకోమని వ్యవసాయ శాఖకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ చెప్పాలి. కాలవ గట్ల మీద పడేస్తున్న, కొన్ని ఇళ్లలో నీళ్లు పట్టుకుంటున్న ఖాళీ మందు డబ్బాలను వెనక్కి తీసుకునేలా డీలర్లను కట్టడి చేయాలి. ఆగస్టు 15 నాటికి పత్తికి మందు కొట్టడం ముమ్మరమవుతుంది. ఆ రోజు గ్రామసభకు మండల వ్యవసాయాధికారి వచ్చి, ఊళ్లో ఏయే మందులు అమ్ముతున్నారో, వాటిలో ఎర్ర త్రికోణం ఉన్నవేవో, మందు కొట్టే కూలీల ముందే పేరుపేరునా చదివి వినిపించాలి.