ఆల్ట్‌గెల్డ్ ఇచ్చింది క్షమాభిక్ష కాదు

ప్రతి ఏటా మే 1న మా ఊరి హమాలీ సంఘం కార్యాలయం ముందు ఎర్రజెండా ఎగరేస్తుంటే, నాన్న చేయి పట్టుకుని నిలబడి చికాగో అమరవీరుల కథ వింటూ పెరిగినవాణ్ణి నేను. ఉరికంబమెక్కిన నలుగురి గురించి వక్తలు గొంతు పూడుకుపోయేలా చెప్పేవారు. జైల్లో మిగిలిపోయిన ముగ్గురు ఎలా బయటపడ్డారో మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. వాళ్లను విడిపించడం కోసం తన రాజకీయ జీవితాన్నే పణంగా పెట్టిన ఇల్లినాయ్ గవర్నర్ జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ పేరు మన మే డే సభల్లో వినిపించకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1847 చివరలో జర్మనీలో పుట్టి, పసిబిడ్డగా తల్లిదండ్రులతో ఒహాయో చేరిన ఆల్ట్‌గెల్డ్ పొలం పనుల మధ్య పెరిగి, పదహారేళ్ల వయసులోనే అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన సైనికుడయ్యారు. బడిపంతులుగా, వకీలుగా పనిచేసి, 1875లో చికాగోకు వచ్చి, స్థలాలు, భవనాల వ్యాపారంలో బాగా గడించి, న్యాయమూర్తి కూడా అయ్యారు. 1892లో గవర్నరుగా గెలిచారు. అది మన దగ్గరి గవర్నర్ పదవి లాంటిది కాదు. ప్రజలు ఎన్నుకునే, మన ముఖ్యమంత్రిలా పాలన నడిపే పదవి.

ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మె సాగుతున్న రోజుల్లో, 1886 మే 4 రాత్రి చికాగోలోని హేమార్కెట్ కూడలిలో కార్మికుల సభను చెదరగొట్టడానికి పోలీసులు వచ్చినప్పుడు ఎవరో బాంబు విసిరారు. ఏడుగురు పోలీసులు చనిపోయారు. విసిరినది ఎవరో నేటికీ తేలలేదు. అయినా ఎనిమిదిమందిని దోషులన్నారు. 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు, మరొకరు అంతకుముందు రోజే జైల్లో ప్రాణం తీసుకున్నారు. మిగిలిన ముగ్గురిలో ఫీల్డెన్, ష్వాబ్‌ల ఉరిశిక్షను అప్పటి గవర్నర్ యావజ్జీవంగా మార్చారు. ఆ రాత్రి సభకే వెళ్లని నీబీకి పదిహేనేళ్ల శిక్ష పడింది.

ఆల్ట్‌గెల్డ్ ముందుకు వచ్చిన విన్నపాల్లో చాలావరకు దయ చూపమని వేడుకున్నవే. ‘వీళ్లు చేసినదానికి తగినంత అనుభవించారు, ఇక వదిలిపెడుతున్నాను’ అని రెండు ముక్కలు రాసి సంతకం చేసి ఉంటే పత్రికలు నాలుగు రోజులు గొణిగి ఊరుకునేవి. ఆయన ఆ దారి పట్టలేదు. విచారణ రికార్డు అంతా చదివి, 1893 జూన్ 26న సుమారు 18,000 మాటల ఉత్తర్వు రాశారు. జ్యూరీని ఉరి ఖాయమయ్యేలా ఏరి కూర్చారనీ, బాంబు విసిరినవాడికీ వీళ్లకూ సంబంధం ఉన్నట్టు రుజువు లేదనీ, న్యాయమూర్తి గ్యారీ పక్షపాతంతో నడుచుకున్నారనీ అందులో నిలదీశారు. మనం ఇలాంటి ఉత్తర్వును క్షమాభిక్ష అంటాం. తప్పు చేయనివాణ్ణి క్షమించడమేమిటి, వాడి హక్కును వాడికి తిరిగి ఇవ్వడం భిక్ష ఎలా అవుతుంది? ఆ ఉత్తర్వులో క్షమా లేదు, భిక్షా లేదు.

న్యాయమూర్తిపై అంత పరుషంగా రాయకపోతే బాగుండేదని ఆయన అభిమానులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆ మాటలు తీసేస్తే మిగిలేది దయ ఒక్కటే. చచ్చిపోయిన అయిదుగురి పేర్లకు అంటిన మచ్చ అలాగే ఉండిపోయేది.

పత్రికలు ఆయనను అరాచకవాది అన్నాయి, ఒంట్లో అమెరికా రక్తమే లేదన్నాయి. పరదేశంలో ఎన్నేళ్లున్నా పరాయివాడన్న మాట ఎలా గుచ్చుకుంటుందో అక్కడున్న మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన మాత్రం జంకలేదు. అదే ఏడాది కార్ఖానాల్లో ఆడవాళ్ల పనిని ఎనిమిది గంటలకు పరిమితం చేసే చట్టంపై సంతకం చేసి, ఫ్లోరెన్స్ కెల్లీని ప్రధాన తనిఖీ అధికారిగా నియమించారు. ఎనిమిది గంటల నిబంధనను 1895లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 1894లో పుల్‌మన్ రైలుపెట్టెల కంపెనీ కార్మికుల సమ్మెలో, రాష్ట్రం అడగకుండానే చికాగోకు సైన్యాన్ని పంపిన సొంత పార్టీ అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌కు బహిరంగంగా ఎదురు నిలిచారు. 1896లో ఓడిపోయారు, ఆస్తి కూడా కరిగిపోయింది. చివరకు పేరున్న న్యాయవాది క్లారెన్స్ డారో కార్యాలయంలో వకీలుగా చేరారు.

విడుదల పత్రాలను ఆ ముగ్గురూ ఉన్న జోలియట్ జైలుకు తీసుకువెళ్లింది డ్రెయర్ అనే బ్యాంకరు. ఆ ఎనిమిదిమందిపై అభియోగాలు మోపిన గ్రాండ్ జ్యూరీలో ఒకప్పుడు ఆయనా సభ్యుడే. పత్రాలు చేతికందగానే ఏడుస్తూ ఏదో చెప్పబోతే, రైలుకు వేళవుతోంది వెళ్లమని ఆల్ట్‌గెల్డ్ తొందరపెట్టారు. 1902 మార్చిలో, బ్రిటిష్‌వాళ్లతో పోరాడుతున్న దక్షిణాఫ్రికా బోయర్లకు మద్దతుగా ఒక సభలో మాట్లాడి కుప్పకూలి, మర్నాడు ఉదయం ఆల్ట్‌గెల్డ్ కన్నుమూశారు. యాభై నాలుగేళ్లు. ఆ సభ జరిగింది జోలియట్‌లోనే.