ఐస్‌లాండ్ యాత్రలో బస్సు ఆగని చోటు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల నుంచి రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రులు బృందాలుగా విదేశీ యాత్రలకు వెళ్లడం ఇప్పుడు కొత్త కాదు. సింగపూర్, దుబాయ్ చూసి వచ్చినవారి మనసు స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్‌ల వైపు మళ్లడం సంతోషించదగ్గ మార్పే. అయితే ప్రకృతిని చూపించే యాత్రను కూడా ఎన్ని చోట్లు తిప్పామన్న లెక్కతోనే నడపడం వల్ల మన ప్రయాణికులు పెట్టిన డబ్బుకు దక్కవలసినది దక్కడం లేదు.

ఐస్‌లాండ్‌నే తీసుకుందాం. రాజధాని రేక్యావిక్ నుంచి బయల్దేరి థింగ్‌వెల్లిర్ లోయను, గేసిర్ వేడినీటి ఊటలను, గుల్‌ఫాస్ జలపాతాన్ని ఒక్క రోజులో చుట్టివస్తారు. గేసిర్ దగ్గరి స్ట్రోకుర్ ఊట కొద్ది నిమిషాలకోసారి వేడినీటిని పైకి చిమ్ముతుంది కనుక ఎంత తొందరలో వెళ్లినా నిరాశ ఉండదు. థింగ్‌వెల్లిర్ అలాంటిది కాదు. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్న లోయ అదని, క్రీ.శ. 930 నుంచి ఆ దేశపు ప్రజాసభ కొలువుదీరింది అక్కడేనని ఎవరైనా తీరికగా చెబితే తప్ప, నల్లని రాతిగోడల నడుమ ఒక నడకదారిగానే మిగిలిపోతుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుట్టల నీడన పెరిగిన దేవరకొండ మనిషి, అతి పాత రాయికి కూడా 2 కోట్ల ఏళ్లు నిండని నేల మీద నిలబడుతున్నాడన్న సంగతి అతనికి ఎవరో ఒకరు చెప్పాలి కదా!

ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి ఉంది. దక్షిణ తీరాన వీక్ అనే ఊరు దాటి హిమఖండాలు తేలే యోకుల్సార్లోన్ సరస్సుకు వెళ్లే దారిలో, రోడ్డుకు అటూ ఇటూ మెత్తటి నాచు కప్పుకున్న లావా మైదానం కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంటుంది. దాని పేరు ఎల్ద్‌హ్రాయున్. 1783 జూన్‌లో లాకీ అగ్నిపర్వతం వద్ద నేల చీలి, ఎనిమిది నెలల పాటు వెలువడిన లావా అది. దానితో పాటు వచ్చిన ఫ్లోరిన్ గడ్డి మీద పేరుకుంది. మేసిన గొర్రెల పళ్లు పాడై, ఎముకలకు బొడిపెలు లేచి మందలకు మందలే చచ్చిపోయాయి. ఆ వెనుకే వచ్చిన కరువులో దేశ జనాభాలో సుమారు అయిదో వంతు మంది మరణించారు. అదే ప్రాంతంలోని మతగురువు యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ తాను చూసినదంతా రాసిపెట్టాడు.

మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో గారపట్టిన పళ్లను, వంకరపోయిన కాళ్లను కళ్లారా చూసినవారికి ఈ కథ పరాయిది కాదు. మన దగ్గర గ్రానైటు నుంచి భూగర్భజలంలోకి మెల్లగా దిగిన ఫ్లోరైడే అక్కడ అగ్నిపర్వతం నోటి నుంచి ఒక్కసారిగా వచ్చి పడింది. ప్రపంచంలో ఏ దేశపు యాత్రికుడి కంటే నల్లగొండ వాడికే బాగా అర్థం కావలసిన ఆ చోట బస్సు ఆగదు; ముందురోజు అలసటతో సగం మంది నిద్రలో ఉంటారు.

గుంపుగా వెళ్లడంలో తప్పు లేదు. భాష, ఆహారం, మందుల విషయంలో పెద్దవాళ్లకు అదే ధైర్యం. అయితే రోజుకు రెండు చోట్లు చాలు. తెలుగులో వివరించే మనిషి ఒకరు ఉండాలి. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో హఠాత్తుగా విరుచుకుపడే అలలు పర్యాటకుల ప్రాణాలు తీసిన సంగతిని కూడా బస్సు దిగకముందే ఆయన చెప్పాలి. అడ్వాన్సు కట్టే ముందు హోటల్ ఎన్ని నక్షత్రాలదని అడుగుతున్నాం; ఎల్ద్‌హ్రాయున్ దగ్గర అరగంట ఆపుతారా అని కూడా అడిగి, ఆ మాటను ప్యాకేజీ కాగితంలో రాయించుకోవాలి.